పక్క సీటు బ్రేకు

తుంటి కీలు అరిగిపోయిందని ఎముకల డాక్టరు చెప్పినప్పుడు మావయ్య నమ్మలేదు. అరిగితే టైర్లు అరగాలి గానీ మనిషి అరగడమేమిటని డాక్టరునే దబాయించాడు. ఎక్స్‌రే తీసి చూపిస్తే అది వేరెవరిదో అన్నాడు. చివరికి ఒకరోజు బండి దిగి ఇంటి మెట్టు ఎక్కలేక, గోడ పట్టుకుని, ఏడవడం చేతగాక నోటికొచ్చిన తిట్లన్నీ తన కాలినే తిట్టుకుంటూ నిలబడిపోయాడు. ఆ సాయంత్రం ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. అంతదాకా వస్తే తప్ప ఒప్పుకునే మనిషి కాదు. ముక్కు మీద కోపం, మాట మీద పంతం ఆయనకి పుట్టుకతో వచ్చాయి.

ఆయనది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఇంటి ముందు గది, అందులో ఒక బల్ల, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, బయట ఒక తెల్ల కారు. పేటలో బండి నడిపేవాళ్లలో సగం మందికి చెవి మెలిపెట్టి నేర్పింది ఆయనే కాబట్టి అందరికీ ఆయన మాస్టారు. ఆడవాళ్లకి నేర్పే పని ఆయన మేనకోడలు గువ్వ చూసుకునేది. గువ్వ అసలు పేరు కాదు. చిన్నప్పుడు డ్రైవరు సీట్లో కూర్చోబెడితే స్టీరింగ్ మీదుగా రెండు కళ్లు మాత్రమే కనబడేవని మావయ్య పెట్టిన పేరు. తల్లి పోయాక ఆ ఇంట్లోనే పెరిగింది, ఆ కారులోనే నేర్చుకుంది, ఇప్పుడు జుట్టులో ఒకటీ అరా తెల్లవెంట్రుకలు వచ్చినా ఆ పేరు మాత్రం వదల్లేదు.

నేర్పే కారుకి ఒక ప్రత్యేకత ఉంటుంది. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్క సీట్లో కూర్చునే మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. ఎటువైపు నొక్కినా రెండు వైపులా దిగుతాయి. మిగతా స్కూళ్ల వాళ్లు ఆ బ్రేకు దబ్బున తొక్కి, నేర్చుకునేవాడి ముక్కు స్టీరింగ్‌కి తగిలేంత పని చేసి, ఆ తర్వాత తిడతారు. తిట్టడంలో మావయ్య ఎవరికీ తీసిపోడు గానీ బ్రేకు దగ్గర మాత్రం ఆయన కాలు మహా సున్నితం. భయస్తులకి మొదట్లో తన వైపు బ్రేకు కాస్త ముందుగా, మెత్తగా దించేవాడు. వాళ్ల పాదం పడేసరికి బండి ఆగుతూ ఉండేది. ఆపింది తామేననుకుని వాళ్లు ఊపిరి పీల్చుకునేవాళ్లు. భయం పోయాక కాలు దానంతటదే దారిలో పడేది.

ఈ కిటుకు గువ్వకి నేర్పినప్పుడు ఒక్క మాట మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు.

"కొన్నాళ్లు పోయాక బండి పక్కకి తీయించి నిజం చెప్పెయ్యాలి. ఇప్పటిదాకా ఆపింది నేను, ఇకనుంచి నువ్వే ఆపుకోవాలి అని. మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. చెప్పకుండా మాత్రం ఎవర్నీ రోడ్డు మీదికి వదలకు."

గువ్వ ఆ మాట తప్పిన మనిషి కాదు. లైబ్రరీలో పనిచేసే మేడం ఒకావిడ, పెళ్లీ పెటాకులూ లేకుండా ముసలి తల్లిని కనిపెట్టుకుని ఉండే ఆవిడ, యాభై దాటాక బండి నేర్చుకుంటానని వచ్చింది. హారన్ మోగితే ఉలిక్కిపడేది, తను కొట్టిన హారన్‌కి కూడా. గువ్వ ఆవిడకి మొదట్లో ఇలాగే సాయపడి, తర్వాత చెప్పేసింది. ఆవిడ ఆ రోజంతా ముభావంగా ఉండి, మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఇప్పుడు నీ కాళ్లు వెనక్కి పెట్టుకో, చూస్తాను" అంది. ఇప్పుడావిడ బాగానే నడుపుతోంది. లైసెన్సు పరీక్ష ఒక్కటే మిగిలింది.

మావయ్య సంగతి వేరేగా జరిగింది.

ఆపరేషన్ బాగానే అయింది. అయిన తర్వాత ఇంటికొచ్చిన మనిషే మావయ్యలా లేడు. వంగకూడదన్నారు, కాలు మీద కాలు వేసుకోకూడదన్నారు, పల్లపు కుర్చీలో కూర్చోకూడదన్నారు. ఎత్తుగా ఉండే కుర్చీ తెచ్చి వేస్తే అందులో గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. చెప్పులు వేసుకోవాలన్నా అత్తయ్య రావాలి. నిద్రలో ఒత్తిగిలకుండా కాళ్ల మధ్య దిండు పెట్టేది. "నన్ను చంటిపిల్లాణ్ణి చేశారు" అని మొదట్లో కసురుకునేవాడు. కొన్నాళ్లకి కసురుకోవడం కూడా మానేశాడు. అత్తయ్యకి అప్పుడే భయం పట్టుకుంది. కోప్పడని మావయ్యని ఆవిడ పెళ్లయ్యాక ఎన్నడూ చూడలేదు.

కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. మెకానిక్కు గ్రీజన్న వచ్చి కబుర్లు చెప్పినా ఊఁ కొట్టేవాడు కాదు. గ్రీజన్న ఆ తెల్లకారుని మొదట్నుంచీ చూసుకునే మనిషి. నోరు తెరిస్తే కోతలు. తను చెయ్యి పెడితే చచ్చిన ఇంజనూ లేచి కూర్చుంటుందంటాడు. సగం రోజులు ఏదో ఒక స్పానరు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి వెతుక్కుంటుంటాడు. మావయ్యకి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు.

ఒకరోజు మధ్యాహ్నం గువ్వ మందులు ఇవ్వబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ మాత్రలన్నీ ఒకేసారి మింగేస్తే ఏమవుతుందే?"

"నీళ్లు తాగండి మావయ్యా" అంది గువ్వ. ఆ తర్వాత మాత్రల డబ్బా తన గదిలో దాచుకుంది. అత్తయ్యకి చెప్పలేదు. చెబితే ఆవిడ తట్టుకోలేదని తెలుసు.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు మావయ్య అడిగింది ఒక్కటే, బండి ఎప్పుడు నడపొచ్చని.

"ఇన్ని రోజులని లెక్కేం లేదండీ" అన్నాడు డాక్టరు. "కర్ర లేకుండా నడవాలి. మత్తు వచ్చే నొప్పి మాత్రలు మానెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా ఆపు అన్న మరుక్షణం మీ కాలు బ్రేకు మీద గట్టిగా పడాలి. మీకు మార్చింది కుడి తుంటి. నొప్పి పుడుతుందేమోనని ఆ కాలు ఒక్క క్షణం జంకినా బండి జంకదు. ముందు ఖాళీ స్థలంలో, పక్కన బండి తెలిసిన వాళ్లని కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్లు సరేనంటేనే నా దగ్గరికి రండి. నేను చూసి చెప్పాకే రోడ్డు."

"బండి తెలిసిన వాళ్లా? ఇదుగో, ఉంది" అని మావయ్య గువ్వ భుజం తట్టాడు. ఆయన నోట్లోంచి అంత మాట వచ్చి ఎన్నాళ్లయిందో. అత్తయ్య ఆసుపత్రి మెట్ల మీదే కళ్లు తుడుచుకుంది.

పేట చివర పాత గోదాముల వెనక సిమెంటు చేసిన ఖాళీ స్థలం ఉంది. నేర్చుకునే వాళ్లందరినీ మొదట తీసుకెళ్లేది అక్కడికే. గువ్వ సీటు మీద మెత్త వేసి, దాని మీద జారడానికి ప్లాస్టిక్ సంచి పరిచింది. మావయ్య ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకున్నాడు, కసరత్తులు చేయించే అమ్మాయి చెప్పినట్టే. స్టీరింగ్ పట్టుకున్నాక మాత్రం ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ చేతులు ఏదీ మర్చిపోలేదు.

దూరంగా ఒక ఖాళీ డ్రమ్ము నిలబెట్టారు. బండి కాస్త వేగం అందుకున్నాక గువ్వ చప్పట్లు కొట్టాలి, మావయ్య ఆపాలి. కొట్టింది. మావయ్య కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది. లేచి, గాల్లో ఆగింది. ఆయన పెదవి బిగుసుకోవడం గువ్వ ఓరకంట చూసింది. డ్రమ్ము పెద్దదవుతోంది. ఆలోచించడానికి టైము లేదు, ఆలోచించలేదు కూడా. తన వైపు బ్రేకు దించింది, మావయ్య నేర్పినట్టే, మెత్తగా. ఆ తర్వాత ఆయన పాదం వచ్చి పెడల్ మీద పడింది. డ్రమ్ముకి ఇవతలే బండి ఆగింది.

మావయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత నవ్వాడు.

"చూశావుటే" అన్నాడు. "కాలు మాట వింది."

అప్పుడే చెప్పాల్సింది. గువ్వకి ఆ సంగతి తెలుసు, తెలియదంటే అబద్ధం. నోరు తెరిచింది. ఆయన కారు తలుపు చేత్తో తడుతూ నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగినా తుడుచుకోకుండా నవ్వుతున్నాడు. మాత్రల డబ్బా గుర్తొచ్చి ఆమె నోరు మూసుకుంది.

"మళ్లీ చూద్దాం" అన్నాడాయన.

మళ్లీ చూశారు. ఈసారి గువ్వ కావాలనే వేసింది.

"గ్రీజుగాడు బ్రేకులు కొత్తగా సర్దాడు కదూ" అన్నాడు మావయ్య నాలుగోసారో అయిదోసారో ఆగాక. "పెడల్ వెన్నలా దిగుతోంది. నేను ఆసుపత్రికి పోకముందు ఇలా లేదు. వెధవ కోతలు కోస్తాడు గానీ చెయ్యి మంచిది."

పెడల్ ఎందుకు అంత మెత్తగా ఉందో ఆయనకి తట్టలేదంటే ఆశ్చర్యమే. ఎంతమంది కాళ్ల కింద తన కాలు దాచిన మనిషి. కానీ ఆయన ధ్యాసంతా తుంటి మీద ఉంది, నొప్పి వస్తుందా రాదా అన్న దాని మీద ఉంది. పైగా మాస్టారిని ఎవరైనా నేర్చుకునేవాడిలా చూస్తారని మాస్టారికి ఎందుకు తోస్తుంది?

ఆ రాత్రి ఆయన రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు. ఉప్పు తక్కువైందని అత్తయ్యని కసిరాడు. ఆవిడ వంటగదిలోకి వచ్చి, గువ్వ చెయ్యి పట్టుకుని, "నిజంగానే ఆపారా?" అని అడిగింది.

"ఆపారు అత్తయ్యా."

మంచి మనసుతో చేసే తప్పుకి ఒక సుఖం ఉంది, చేస్తున్నప్పుడు తప్పులా ఉండదు. గువ్వ లెక్క గువ్వకి ఉంది. కాలు రోజురోజుకీ బాగుపడుతోంది. ఇంకొన్నాళ్లు పోతే నిజంగానే ఆపుతాడు. అప్పుడు చెప్పాల్సిన పనే ఉండదు. అందాకా రోడ్డెక్కనివ్వకుండా చూసుకుంటే చాలు. వీలైనప్పుడల్లా ఆ ఖాళీ స్థలానికి తీసుకెళ్లింది, వెళ్లినప్పుడల్లా బ్రేకు వేసింది. మధ్యలో ఒకసారి వెయ్యకుండా చూద్దామనుకుంది. చప్పట్లు కొట్టి కాళ్లు వెనక్కి పెట్టుకుంది. డ్రమ్ము దగ్గరికొచ్చేసరికి ధైర్యం చాలక మళ్లీ వేసేసింది. కాలు బాగుపడిందో లేదో ఆమెకే తెలియకుండా పోయింది.

రోడ్డు ఎప్పుడెక్కుదామని మావయ్య వేధించేవాడు. డాక్టరు చూడాలిగా అనేది. డాక్టరు ఊళ్లో లేడంటే, వచ్చాక అనేది.

"నీకంటే ఆ డాక్టరుకి ఎక్కువ తెలుసా? వాడికి స్కూటరే సరిగ్గా రాదు. నేను చూశాను."

"ఆయన చెప్పింది విందాం మావయ్యా."

"నేను ఆపానా లేదా? అది చెప్పు."

గువ్వ నీళ్లు నమిలింది. ఆ నమలడాన్ని ఆయన జాగ్రత్త అనుకున్నాడు. ముద్దు చేసినట్టు నెత్తి మీద మొట్టికాయ వేశాడు.

లైబ్రరీ మేడంకి రోజూ పొద్దున్నే పాఠం. ఆవిడ లైబ్రరీ ప్రహరీ పక్కన నిలబడి ఉండేది. తెల్లకారు మలుపు తిరగడం కనబడగానే కాలిబాట దిగి రోడ్డు మీదికి వచ్చేది, ఎందుకంటే అక్కడినుంచి డ్రైవరు సీటు ఆవిడది. గువ్వ సరిగ్గా ఆవిడ ముందు ఆపి, దిగి, పక్క సీట్లోకి మారేది. రోజూ ఇదే వరస. ఆవిడకి పరీక్ష దగ్గరపడింది కదా, ఈ మధ్య కాస్త హుషారుగా, కారు ఇంకా దూరంలో ఉండగానే ముందుకొచ్చి నిలబడుతోంది.

ఆ పొద్దున పైకి నీళ్లెక్కించే మోటారు మొరాయించింది. గువ్వ తలంటుకుని, సబ్బు నురగతో, కింద నుంచి బకెట్లు మోసుకోవాల్సి వచ్చింది. తల తుడుచుకుంటూ ముందు గదిలోకి వస్తే బల్ల మీద తాళాలు లేవు. బయట కారు లేదు.

"లేటవుతోందని ఆయనే తీసుకెళ్లారమ్మా" అంది అత్తయ్య. "మేడంకి ఇవాళ పాఠం నేను చెప్తానన్నారు. కర్ర కూడా తీసుకోలేదు, చూడు. ఎంత ఉత్సాహంగా వెళ్లారో. నువ్వే కదా బాగా ఆపుతున్నారన్నావు, అందుకే నేను అడ్డు చెప్పలేదు."

గువ్వ చెప్పులు లేకుండా పరిగెత్తింది. లైబ్రరీ ఎంతో దూరం లేదు. మలుపు తిరక్కముందే జనం గోల వినబడింది.

కారు ముందుభాగం ప్రహరీలోకి దూరిపోయి ఉంది. మేడం గోడకీ కారుకీ మధ్య లేదు, పక్కన పడి ఉంది. ఎవరో ఆవిడ తల కింద కండువా పెట్టారు. చేతిసంచీలోంచి జారిన కళ్లద్దాల పెట్టె రోడ్డు మీద ఉంది. మావయ్య కారు తలుపు పట్టుకుని నిలబడి, నుదుటి మీంచి రక్తం కారుతుంటే పట్టించుకోకుండా, వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెబుతున్నాడు.

"బ్రేకు పడలేదు. నేను తొక్కాను. పెడల్ రాయిలా ఉంది. బ్రేకు పడలేదు."

గువ్వని చూసి ఆ మాటే మళ్లీ చెప్పాడు. అబద్ధమాడే మనిషి గొంతు కాదది. తను నమ్మిందే చెబుతున్నాడు. గువ్వ అక్కడే కాలిబాట మీద కూలబడింది.

లైబ్రరీ మేడం సాయంత్రం దాకా బతికింది.

ఆసుపత్రి వరండాలో ఆవిడ తల్లిని ఎవరో కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్న మనిషి. చూపు సరిగ్గా ఆనదు. మావయ్య నుదుటికి కట్టుతో, అత్తయ్య భుజం పట్టుకుని ఆవిడ ముందుకెళ్లాడు. 

"అమ్మా, బండి నడిపింది నేనే" అన్నాడు. "బ్రేకు పోయిందమ్మా. నేను తొక్కాను, అది పడలేదు."

 ఆవిడ తడుముకుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మాత్రం ఏం చేస్తావు నాయనా. యంత్రం" అంది. "బండి నేర్చుకుని నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. నేనే వద్దన్నాను, ఈ వయసులో ఎందుకే అని. వింటేనా."

మావయ్య ఆవిడ చేతుల మీద తల ఆనించి ఏడ్చాడు. గువ్వ వరండా చివర నిలబడి అంతా విన్నది.  ఆవిడ ఓదార్పు మావయ్యకి ఎంత అవసరమో చూస్తూ ఉంది. అది కాస్తా లాగేస్తే ఆయన ఏమైపోతాడో కూడా ఆమెకి తెలుసు.

కారుని పోలీసులు తీసుకెళ్లారు. వాళ్ల తరఫున బండి చూసిన ఇన్‌స్పెక్టరు, పెడల్‌ని తేలిగ్గా దించే బ్రేకు గాలిపైపు తెగి ఉందన్నాడు. గోడకి గుద్దుకుని తెగిందో, ముందే వదులుగా ఉందో చెప్పలేనన్నాడు. మాస్టారి పేరు తెలియనివాళ్లు ఎవరు? ఆయన తొక్కానంటే తొక్కినట్టే. మరి గ్రీజన్న పేరూ అందరికీ తెలుసు. స్పానరు ఎక్కడ పెట్టాడో తెలియని మనిషి పైపు బిగించడం మర్చిపోడా? పేట మొత్తం ఆ మాటే అనుకుంది. అతని షెడ్డుకి బండ్లు రావడం ఆగిపోయింది. ఎవరో షెడ్డు తలుపు మీద రాళ్లు కూడా వేశారు.

గ్రీజన్న రెండు రోజులు ఎగిరిపడ్డాడు. తన చేతి పనికి వంక పెట్టినవాడి నాలిక కోస్తానన్నాడు. మూడోరోజు పొద్దున ఇంటికొచ్చాడు. గడప దాటకుండా గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు. ఎప్పుడూ వాగే నోరు ఎండిపోయి ఉంది.

"మాస్టారూ" అన్నాడు. "రాత్రంతా గుర్తు చేసుకున్నాను. ఆ పైపు బిగించానా లేదా అని. బిగించాననే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు గుర్తు రావట్లేదు. నా చెయ్యి అక్కడ పెట్టినట్టు గుర్తుంది గానీ బిగించినట్టు గుర్తు లేదు. నేనే చంపానేమో ఆవిణ్ణి."

అత్తయ్య మొహం తిప్పుకుంది. మావయ్య ఎత్తు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

"ఏమోనంటావేంట్రా" అన్నాడు. గొంతు చిన్నగానే ఉంది, అదే భయంగా ఉంది. "నిన్ను నమ్మి ఎంతమంది పిల్లల్ని ఆ బండెక్కించాను. సాయంత్రం పోలీసాయన వస్తాడు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అంతకుముందు వెన్నలా దిగిన పెడల్ ఆ రోజు రాయి ఎందుకయిందో నువ్వే చెప్పుకో." గువ్వ వైపు తిరిగాడు. "నువ్వూ చెప్పాలే. పక్కన కూర్చున్నదానివి. నేను ఎన్నిసార్లు ఆపానో నీ కళ్లతో చూశావు. నీ మాటే సాక్ష్యం."

గ్రీజన్న కూడా ఆమె వైపే చూశాడు. ఆ చూపులో ఎదురుతిరగడం లేదు. శిక్ష ఎంతో తెలుసుకుందామని చూస్తున్నాడు. గువ్వకి అది భరించరానిదైంది. మావయ్యని కాపాడుకోవడానికి ఇంతదూరం వచ్చింది, ఇప్పుడు ఈ మనిషి చెయ్యని పాపాన్ని తనే చేశానని నమ్మి నలిగిపోతున్నాడు. ఇంకా నోరు మూసుకుంటే తన్ను తాను మనిషిననుకోవడానికి వీల్లేదు.

"మావయ్యా" అంది. "అక్కడ బ్రేకు వేసింది నేను."

ఆయనకి అర్థం కాలేదు. "ఎక్కడ?"

"గోదాముల వెనక. నా వైపు బ్రేకు. మీ కాలు పడకముందే."

 మావయ్య తన కుడి తొడ మీద చెయ్యి వేసుకుని, దాన్ని కొత్తగా చూస్తున్నాడు.

"ఎన్నిసార్లు?"

"ప్రతిసారీ."

"ఒక్కసారైనా, ఒక్కసారైనా నేనే ఆపలేదా?"

ఒకటి రెండుసార్లు మీరే ఆపారు మావయ్యా అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరికి వచ్చింది కూడా. ఆ కాస్త దయ చూపించాలని ప్రాణం కొట్టుకుంది.

"నాకు తెలియదు మావయ్యా" అంది. "తెలుసుకోనివ్వలేదు నేను."

అత్తయ్య వచ్చి గువ్వకి అడ్డంగా నిలబడింది. "అది మీ కోసమే చేసింది" అంది. "దాన్నేమీ అనకండి. పోలీసులకి చెప్పనక్కర్లేదు. ఏం చెప్పినా ఆవిడ తిరిగొస్తుందా?"

మావయ్య కొడతాడేమో అనుకుంది గువ్వ, కొడితే బాగుండుననుకుంది. ఆయన మెల్లగా లేచి, గుమ్మం దాకా వెళ్లి, గ్రీజన్న ముందు నిలబడ్డాడు. వంగకూడదు కాబట్టి వంగలేదు.

"లేవరా" అన్నాడు. "నువ్వు బిగించావు. పడనిది బ్రేకు కాదు, నా కాలు. ఇంటికెళ్లు."

గ్రీజన్న లేవలేదు. మోకాళ్లలో మొహం పెట్టుకున్నాడు.

"నా చొక్కా ఇయ్యి" అన్నాడు మావయ్య అత్తయ్యతో. "సాయంత్రం దాకా ఆగను, నేనే స్టేషనుకి వెళ్తాను. అంతకంటే ముందు ఇంకోచోటికి వెళ్లాలి." గువ్వని చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమె తర్వాత ఎన్నాళ్లు ఆలోచించినా తేల్చుకోలేకపోయింది. "నువ్వూ రా. ఇద్దరం చేసిన పని."

ఇద్దరూ ఆటోలో వెళ్లారు.  మేడం ఇల్లు లైబ్రరీ వెనక వీధిలో, కింది అంతస్తులో, రెండు గదులు. తలుపు తీసే ఉంది. పక్కింటావిడ ఎవరో గిన్నెలో భోజనం పెట్టి వెళ్లినట్టుంది, మూత తియ్యకుండా బల్ల మీద ఉంది. ముసలావిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"ఎవరూ?"

"నేనమ్మా" అన్నాడు మావయ్య. "బండి మాస్టారిని."

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. వద్దంటున్నా వినకుండా, చేత్తో తడుముతూ వెళ్లి, మూలనున్న కుర్చీ ఈడ్చుకొచ్చింది. దాని మీద ఉన్న పుస్తకాలు తీసి మంచం మీద పెట్టింది. కూతురివి అయ్యుంటాయి.

"కూర్చో నాయనా" అంది. "కాలు బాగాలేని మనిషివి. అంత దూరం నుంచి నాకోసం వచ్చావు."

మావయ్య కూర్చోలేదు. నోరు తెరిచాడు, మాట పెగల్లేదు.  ఆయన ఎన్నడూ ఎవరి ముందూ మాట కోసం వెతుక్కున్న మనిషి కాదు. ఆయన చెప్పేదాకా ఆగుదామని గువ్వకి ఒక్క క్షణం అనిపించింది. ఆగలేదు.

"బ్రేకు బాగానే ఉందమ్మా" అంది గువ్వ. "అది పోలేదు."

ముసలావిడ కుర్చీ వీపు పట్టుకుని, ఆ మాట ఎటునుంచి వచ్చిందో అటు తిరిగింది.